మూడున్నర అడుగుల అప్పగింత

ప్రభుత్వంలో ఏ వస్తువైనా తగ్గితే ఏం చెయ్యాలో రూలుంది. విరిగితే ఉంది, చెద పడితే ఉంది, ఎలుకలు కొడితే ఉంది, దొంగలెత్తుకుపోతే పోలీసు కాగితంతో సహా ఉంది. పెరిగితే ఏం చెయ్యాలో మాత్రం లేదు. స్వాతంత్ర్యం వచ్చిన దగ్గర్నుంచీ ఆ అవసరం ఎవరికీ రాలేదు. నాకొచ్చింది.

నా పేరు పైడిరాజు. మాది బొబ్బిలి పక్కన. ఏలూరులో గ్రామీణ సదుపాయాల సమీక్షా సంస్థ ప్రాంతీయ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుని. ఈ సంస్థ ఏం చేస్తుందని మా అత్తగారు పెళ్లిచూపుల్లోనే అడిగారు. వేరే ఆఫీసుల నుంచి మాకు నివేదికలొస్తాయి. అవి వచ్చాయని మేం పైకి ఒక నివేదిక పంపుతాం. అది అందిందని పైనుంచి మాకు ఇంకో నివేదిక వస్తుంది. "మరి మధ్యలో ఎవరూ చదవరా బాబూ?" అన్నారావిడ. చదవడానికి వేరే శాఖ ఉందేమోనని అప్పట్లో నేనూ అనుకునేవాణ్ణి.

మా ప్రధాన కార్యాలయంలో ఒక పెద్దాయన ఏదో సదస్సుకి వెళ్లి, గదిలో పామ్ మొక్క ఉంటే గాలి శుభ్రపడి సిబ్బంది సామర్థ్యం పెరుగుతుందని విని వచ్చారు. వారం తిరక్కుండా 'హరిత అంతరంగం' అని పథకం పుట్టింది. ఆఫీసుకో ఇండోర్ పామ్. మొక్కకంటే ముందు సర్క్యులర్ వచ్చింది. "సదరు మొక్కను కత్తిరించుట, తుంచుట, గిల్లుట, వంచుట మరియు ఏ ఇతర విధముగానైనను దాని పరిమాణమును తగ్గించుట నిషిద్ధము. ఉల్లంఘించిన ఉద్యోగి క్రమశిక్షణా చర్యకు పాత్రుడగును. ప్రతి కార్యాలయమునందు ఒక హరిత బాధ్యుని నియమించవలెను. సదరు బాధ్యుడు ముఖ్యకేంద్రము విడిచి వెళ్లరాదు."

"పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, నీకేం బాధ్యతలున్నాయి? ఇది నువ్వే చూసుకో," అన్నారు మా సూపరింటెండెంట్ బంగారయ్య గారు. ఆయన సర్వీసంతా సంతకం పెట్టకుండా గడిపిన మనిషి. ఇనీషియల్ వేస్తారు, అదీ పెన్సిల్‌తో.

మొక్క వచ్చింది. మూడున్నర అడుగుల ఎత్తు, అయిదు కాండాలు, మట్టి కుండీ ఒకటి అని రాసి సంతకం చేసి తీసుకున్నాను. రోజూ నీళ్లు పోశాను, ఆదివారం కూడా. ఆఫీసు మొత్తం మీద నేను చేసిన పని ఫలితం కంటికి కనబడింది దాని దగ్గరే. కొత్త ఆకు విచ్చుకున్నప్పుడల్లా నాకు నిజంగానే సంతోషం వేసేది. ఆ సంతోషమే నా కొంప ముంచింది.

ఈలోగా నాకు పెళ్లయింది. హేమలత మా ఊరి దగ్గర హైస్కూల్లో లెక్కల టీచరు. పెళ్లికి వారం సెలవిచ్చారు, బతిమాలితే. ఆ వారంలో సగం చుట్టాలకే పోయింది. తర్వాత నేను ఏలూరు, తను బొబ్బిలి. ఆదివారాలైనా వెళ్దామంటే ముఖ్యకేంద్రం, అంటే ఏలూరు, విడిచి వెళ్లరాదు. దసరా సెలవులకి తనొద్దామంటే ఆ సెలవుల్లోనే టీచర్లకి శిక్షణా తరగతులు పెడతారు. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. నీళ్లు పోస్తూ మాట్లాడుతుంటే, "నా సవితి ఎలాగుంది?" అని అడిగేది. నవ్వుతూనే అడిగేది.

చివరికి జూన్ బదిలీల్లో, భార్యాభర్తలొక చోట ఉండాలన్న నిబంధన కింద, నన్ను బొబ్బిలి వేశారు. ఆఫీసంతా పూతరేకులు పంచాను. నా స్థానంలోకి నరసరావుపేట నుంచి మస్తాన్ వలీ వచ్చాడు. ఇరవై ఆరేళ్ల కుర్రాడు, చక్కటి మనిషి. చార్జి అప్పగించడానికి కూచున్నాం. బీరువా సరిపోయింది. కుర్చీలు సరిపోయాయి. సీలు, స్టాంపు ప్యాడు, గోడ గడియారం అన్నీ సరిపోయాయి. మొక్క దగ్గరికొచ్చి బంగారయ్య గారు టేపు తెప్పించారు.

ఆరడుగుల రెండంగుళాలు.

"ఏంటయ్యా ఇది? మూడున్నర తీసుకుని ఆరిస్తావేంటి?" అన్నారాయన.

"పెరిగిందండీ."

"ఎవర్నడిగి పెంచావు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "తగ్గితే తరుగు రాస్తానయ్యా. నీ దగ్గర ముక్కుపిండి రాబట్టమంటే రాబడతాను. ఎక్కువైంది ఎక్కడ రాయను? రిజిస్టర్లో ఆ కాలమే లేదు. రేపు ఆడిట్‌వాళ్లొచ్చి, ఈ రెండు అడుగుల చిల్లర ఏ నర్సరీ నుంచి, ఏ టెండరు మీద వచ్చిందని అడిగితే నేనేం చెప్పేది?"

పోనీ ఆరనే రాసి తీసుకోమని మస్తాన్ వలీని అడిగాను. అతను నా చెయ్యి పట్టుకున్నాడు. "తప్పుగా అనుకోమాక అన్నా. నేను ఆరని సంతకం పెట్టాననుకో, రేపొక మట్ట ఎండి అయిదైతే ఆ అడుగు నా నెత్తినే గదా పడేది."

న్యాయమే. అతని స్థానంలో ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. అలా నేను రిలీవ్ కాలేదు, అతను జాయిన్ కాలేదు. అతన్ని నరసరావుపేటలో వదిలేశారు, ఇక్కడ చేర్చుకోలేదు. రోజూ పదింటికి టిఫిన్ డబ్బాతో వచ్చి, సందర్శకుల బెంచీ మీద కూచుని, అయిదింటికి లేచి వెళ్లేవాడు. సందర్శకులెవరూ రారు కాబట్టి బెంచీకి ఇబ్బంది లేదు.

స్పష్టత కోరుతూ పైకి రాశాం. నలభై రోజులకి జవాబొచ్చింది. "ప్రస్తుత ఎత్తును ఇంజినీరుచే ధ్రువీకరింపజేసి పంపిన యెడల, ఆ ఎత్తునకు అప్పగింత ఆమోదించబడును." ఇంజినీరు దొరకడానికి పదిహేను రోజులు పట్టింది. ఆరడుగుల ఆరంగుళాలని ధ్రువీకరించాడు. ఆ ఎత్తుకి ఆమోదం వచ్చేసరికి మొక్క ఏడు దాటింది. మళ్లీ రాశాం. ఏడడుగుల అంగుళానికి ఆమోదం వచ్చేసరికి ఏడున్నర. మూడోసారి ఆమోదం రాలేదు, కొర్రీ వచ్చింది. "ఒకే మొక్కకు ప్రతి లేఖలోను భిన్నమైన ఎత్తు చూపుచున్నారు. ఏది నిజమో తెలుపుచు, మిగిలినవి ఏల అబద్ధమో సంజాయిషీ ఇవ్వవలెను."

ఇది చదివాక మా సంచాలకులు తారకప్రసాద్ గారు స్వయంగా రంగంలోకి దిగారు. ఆయన ఇంట్లో మంచినీళ్లడగాలన్నా ఉపోద్ఘాతం చెప్పే మనిషని వాళ్లావిడే ఒకసారి అన్నారు. అందర్నీ హాల్లోకి పిలిచి, మొక్కని మధ్యలో పెట్టించి, నిలబడి మాట్లాడారు.

"మిత్రులారా! వృద్ధి అనేది సూత్రరీత్యా స్వాగతించదగిన పరిణామమే. వృద్ధి కోసమే మనమందరం ఉన్నాం. కానీ ముందస్తు అనుమతి లేని వృద్ధిని ఏమంటాం? అరాచకం అంటాం! మనం మొక్కను తగ్గించబోవడం లేదు. అది నిషిద్ధం. దాని పెరుగుదలను ఆమోద ప్రక్రియ వేగానికి సమన్వయపరుస్తాం, అంతే. ఇందుకై వృద్ధి నియంత్రణ ఉపసంఘాన్ని ఏర్పాటు చేస్తున్నాను."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. మస్తాన్ వలీ ఇంకా మా ఆఫీసువాడు కాడు కాబట్టి కొట్టాలా వద్దా అని నన్ను కళ్లతో అడిగాడు.

ఉపసంఘం మొదటి నిర్ణయం నీళ్లు తగ్గించడం. వారంలో ఆకుల కొసలు ఎర్రబడ్డాయి. చస్తే ఎవరిది పూచీ అన్న ప్రశ్న రాగానే ఉపసంఘమే బకెట్లతో పరిగెత్తింది. రెండో నిర్ణయం వెలుతురు తగ్గించడం. కిటికీలన్నిటికీ నల్లగుడ్డ కట్టించారు. చీకట్లో అది వెలుగు వెతుక్కుంటూ వెంటిలేటర్ వైపు సాగింది, నెలలో పెరగాల్సింది పది రోజుల్లో. మేం టార్చిలైటు వేసుకుని నివేదికలు రాశాం. ఎలాగూ చదవరు కాబట్టి నాణ్యతలో తేడా రాలేదు.

మూడో ఆలోచన తారకప్రసాద్ గారిదే. దాని గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు కూడా తగ్గింది. "మనం పొరబడ్డాం. ఇరుకు పెట్టి, ఎండబెట్టి, చీకట్లో ఉంచితే ఏ జీవి అయినా కసిగా ఎదుగుతుంది. ఎదుగుదల ఆపేది ఏమిటి? సుఖం! విశాలమైన స్థలం, వేళకి ఆహారం, చల్లటి గాలి, ఉద్యోగ భద్రత. మన సిబ్బందినే చూడండి. చేరిన ఏడాదికల్లా ఎదుగుదల ఆగిపోలేదూ?"

బంగారయ్య గారు కళ్లొత్తుకున్నారు. అంత బాగా తనని అర్థం చేసుకున్న అధికారి దొరకలేదట.

కుండీ పగలగొట్టి మొక్కని పెద్ద ప్లాస్టిక్ డ్రమ్ములోకి మార్చారు. వర్మీకంపోస్టు, వేపపిండి వేశారు. సంచాలకుల గదిలో ఉన్న కూలరు తెచ్చి దాని పక్కన పెట్టారు. నల్లగుడ్డలు విప్పేసి తెల్లటి పరదాలు కట్టారు. ఇంత సుఖంలో ఎవరైనా బద్ధకించాల్సిందే. మొక్కకి సర్వీసు రూల్స్ తెలియవు కదా, అది విజృంభించింది. మట్టలు మూరల లెక్కన బయటికొచ్చాయి. మొదలు దగ్గర పిలకలు లేచాయి, అయిదు కాండాలు పద్దెనిమిదయ్యాయి.

ఆ పిలకల్ని చూసి బంగారయ్య గారికి చెమటలు పట్టాయి. "వీళ్లంతా ఎవరు? ఎవరి సిఫార్సు? నోటిఫికేషన్ లేదు, ఇంటర్వ్యూ లేదు, దొడ్డిదారిన పదమూడు మందా?" అని డ్రమ్ము చుట్టూ తిరిగారు. పీకడానికి వీల్లేదు. అలాగని గుర్తిస్తే శాశ్వతం అవుతాయి. తాత్కాలిక ప్రాతిపదికన కొనసాగించాలని నిర్ణయమైంది.

ఇక్కడి నుంచి మొక్క పక్కలకి కూడా రావడం మొదలుపెట్టింది. మట్ట వంచకూడదు కాబట్టి మట్ట ఎటొస్తే అటునుంచి మనిషి జరగాలి. ముందు టైపిస్టు బల్ల వరండాలోకి పోయింది. తర్వాత రికార్డు బీరువా తలుపు తెరుచుకోవడం మానేసింది. ఫ్యాను రెక్క ఒక ఆకు కొసని కోసిందని బంగారయ్య గారు ఫ్యానుకి మెమో ఇవ్వబోయి, అది ఉద్యోగి కాదని గుర్తొచ్చి ఊడదీయించారు. ఏలూరు ఉక్కలో మేం చెమటలు కక్కుతుంటే కూలరు చెట్టుకి విసురుతుండేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక్కొక్కరూ చెట్టుని పరిశీలించే వంకతో వెళ్లి దాని పక్కన కాసేపు నిలబడేవారు.

ఎవరైనా చాటుగా తుంచుతారని ఆకుల హాజరు మొదలైంది. మా హాజరు కంటే ముందు దానిదే. పొద్దున్నే నేను డ్రమ్ము చుట్టూ తిరిగి ఎన్ని ఆకులో అరిచి చెప్తే బంగారయ్య గారు పెన్సిల్‌తో వేసుకునేవారు. నా కుర్చీ ఆ డ్రమ్ముని ఆనుకునే ఉండేది. బాధ్యుణ్ణి కదా, నన్ను జరగనివ్వలేదు. కొన్నాళ్లకి నేను అందరికీ గొంతుగా మాత్రమే మిగిలాను. తపాలా తెచ్చినవాళ్లు ఆకుల్లోకి కవరు చాపేవారు, లోపలినుంచి నా చెయ్యి వచ్చి పుచ్చుకునేది. ఒక కొత్త తపాలా మనిషి అది చూసి కవర్లన్నీ కింద పడేసి పారిపోయాడు.

"ఇంకెంత కాలం?" అని హేమలత అడిగేది. ఇప్పుడు నవ్వుతూ అడగడం లేదు. పెళ్లయి ఏడాది దాటింది. కాపురం అన్నది మేం ఇంకా మొదలుపెట్టలేదు.

అప్పుడు నాకు ఒక ఆశ పుట్టింది. పైకప్పు! మా హాలు ఎత్తు పదకొండడుగులు. చెట్టు శ్లాబుకి తగిలితే ఇక పెరగలేదు. పెరగకపోతే ఎత్తు మారదు. ఎత్తు మారకపోతే పైనుంచి ఆమోదం ఎంత నెమ్మదిగా వచ్చినా సరిపోతుంది. జనవరి ఆఖర్న కొస ఆకు శ్లాబుకి తగిలిన రోజు నేనూ మస్తాన్ వలీ వీధి చివర కొట్లో చెరుకురసం తాగి పండగ చేసుకున్నాం. పదకొండడుగులని ధ్రువీకరించి పైకి పంపాం. హేమలత అక్కడ ఇల్లు వెతకడం మొదలుపెట్టింది.

మార్చిలో తారకప్రసాద్ గారు తల ఎత్తి చూశారు. సాధారణంగా ఆయన చూడరు.

"కొస ఆకు వంగి ఉన్నదేమిటి?" అన్నారు.

"శ్లాబు తగిలిందండీ," అన్నాన్నేను ఆకుల్లోంచి.

"వంచుట నిషిద్ధము అని సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. ఈ శ్లాబు ఎవరిది? మనది. అంటే మనమే ఒక ప్రభుత్వ మొక్కను వంచుతున్నాం!" ఆయన మొహం పాలిపోయింది. "శ్లాబుకి కన్నం వేయించండి. అత్యవసరం."

మా ఆఫీసు చరిత్రలో అత్యవసరమన్న పని నిజంగా త్వరగా జరిగింది అదొక్కటే. శుక్రవారం పొద్దున్నే మేస్త్రీలొస్తారని బుధవారానికే ఖరారైంది. కన్నం పడితే ఇక ఆ చెట్టుకి ఆకాశమే హద్దు. నేను రిటైరయ్యే రోజుకి కూడా అది ఏదో ఒక అంగుళం పెరుగుతూనే ఉంటుంది. ఆ సంగతి ఫోన్లో హేమలతకి చెప్పాను. "నేను బయల్దేరుతున్నాను," అని పెట్టేసింది.

మర్నాడు, అంటే గురువారం పదకొండింటికి, రైలు దిగి సరాసరి ఆఫీసుకే వచ్చింది. ఒక చేత సంచి, ఇంకో చేత పనసకాయ. పనసపొట్టు కూరంటే నాకు ప్రాణం. నా గదిలో చాకు కూడా ఉండదని తెలుసు కాబట్టి పొట్టు కొట్టే కత్తి కూడా సంచిలో పెట్టుకొచ్చింది. ఇది నేను తర్వాత విచారణలో కూడా చెప్పాను. ఆ కత్తి వెనక పనసకాయ తప్ప వేరే ఉద్దేశం లేదు.

హాల్లో అడుగుపెట్టి, "ఏవండీ!" అంది.

"ఇక్కడే ఉన్నాను," అన్నాను.

"ఎక్కడ?"

"కుడి పక్క పెద్ద మట్ట కిందనుంచి ఒంగి చూడు."

"ఇదేటండీ బాబూ! మాట ఇనబడతాది గానీ మనిషి కనబడరే!" ఒక మట్ట తప్పించి ఇటు రాబోయింది. ఇంకో మట్ట దాని స్థానంలోకి వచ్చింది. అటు వెళ్లింది. అక్కడ మూడు కాండాలు అడ్డు. ఆకు కొస కంట్లో గుచ్చుకుంది, ఇంకోటి జడ పట్టుకుంది. బంగారయ్య గారు బల్ల దగ్గర్నుంచే, "అమ్మా, ఆకు జాగ్రత్త! వంచకండి, నిషిద్ధం!" అని అరిచారు. కన్ను గురించి ఎవరూ ఏమీ అనలేదు.

హేమలత పనసకాయ నేల మీద పెట్టింది. "ఏడాది బట్టి సూస్తన్నాను," అంది, అందరికీ వినబడేలా. "ఈ మొక్కకి ఆకు ఒంగకూడదు. దీని ఆకు ఒంగకుండా ఉండడానికి మా ఆయన మెడలొంచీసేరు. నా మొగుడి మొహం నాకు కనబడాల. అంతే."

కత్తి తీసింది.

ఆకులు కోస్తే ఎంతసేపటికీ తెమలదు కదా, లెక్కల మనిషి. అడ్డమున్న కాండాన్ని మొదలంటా ఒక్క దెబ్బ వేసింది. అది శ్లాబుని గీసుకుంటూ వచ్చి రికార్డు బీరువా మీద పడింది. ఇంకోటి, ఇంకోటి. పొడుగ్గా ఉన్నది ఏదీ వదల్లేదు. "అమ్మా, ఆపండి! అర్జీ పెట్టుకోండి! పరిశీలిస్తాం!" అని బంగారయ్య గారు కేకలు వేశారే గానీ కుర్చీ దిగలేదు. అడ్డుకోవాల్సిన బాధ్యత హరిత బాధ్యుడిది. హరిత బాధ్యుణ్ణి నేను. నేను ఆకుల వెనక కూచుని, జన్మలో ఎన్నడూ లేనంత బుద్ధిగా చేతులు కట్టుకున్నాను.

చివరి కాండం పడేసరికి హాల్లోకి ఎండొచ్చింది. ఎదురుగా హేమలత. నుదుటి మీద చెమట, జడలో ఒక ఆకు ముక్క, ఒక కన్ను ఎర్రగా. నన్ను చూసి, "చిక్కిపోనారు," అంది. అని ఏడ్చేసింది. నాకూ ఆగలేదు. మా చుట్టూ సిబ్బంది కూడా ఒకళ్లనొకళ్లు తేరిపార చూసుకుంటున్నారు. ఆర్నెల్లుగా ఆకుల చాటున ఉన్నవాళ్లు. బంగారయ్య గారు జుట్టుకి రంగు మానేశారని మాకు అప్పుడే తెలిసింది.

ఈ కన్నీళ్ల మధ్య ఒక్క మనిషికే బుర్ర పనిచేసింది. మస్తాన్ వలీ బెంచీ మీద నుంచి దూకి టేపు పుచ్చుకున్నాడు. పొడుగు కాండాలు పోగా డ్రమ్ములో మిగిలినవి పిలకలు. పెద్ద పిలకకి టేపు పెట్టి, "అన్నా! మూడున్నర! సరిగ్గా మూడున్నర!" అని గంతేశాడు. కాండాలు లెక్కపెట్టాడు. ఏడు ఉన్నాయి. ఒక్క క్షణం ఆలోచించి, రెండు పిలకల్ని పుటుక్కున పీకి జేబులో పెట్టుకున్నాడు.

"ఒరేయ్, నిషిద్ధం!" అన్నారు బంగారయ్య గారు.

"ఉద్యోగికండీ. నేనింకా జాయిన్ కాలేదు గదా. ఇప్పుడు పెడతా సంతకం."

మూడున్నర అడుగులు, అయిదు కాండాలు. కుండీ బదులు డ్రమ్ము ఉంది గానీ ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను సంతకం చేశాడు, నేను చేశాను. ఏం జరుగుతోందో తేలేలోపే బంగారయ్య గారు కూడా కంగారులో పెన్నుతో సంతకం చేసేశారు. మధ్యాహ్నం పన్నెండుంబావుకి నేను రిలీవ్ అయ్యాను. పన్నెండున్నరకి క్యాంపు నుంచి తారకప్రసాద్ గారు దిగారు.

నరికి పడేసిన కాండాల చుట్టూ ఆయన ఒకసారి తిరిగి చూశారు. తర్వాత సర్క్యులర్ తెప్పించి చదివారు. "ఉల్లంఘించిన ఉద్యోగి అని ఉంది. ఈమె మన ఉద్యోగి కాదు. మన ఉద్యోగి భార్య. ఆ ఉద్యోగి కూడా పావుగంట నుంచి మన ఉద్యోగి కాడు." ఆయన కళ్లలో నెమ్మదిగా ఒక వెలుగొచ్చింది. ఇంత చిక్కుముడి ఆయన సర్వీసులో తగల్లేదు. "అయితే ఇది రెండు శాఖల ఉమ్మడి విచారణ! సమగ్రంగా జరగాలి. లోతుగా జరగాలి. విచారణ పూర్తయ్యే వరకు సంబంధిత వ్యక్తులెవరూ..." అని ఆగి, మా ఇద్దరి వైపూ వేలు చూపించి, ఆయన జీవితంలోకెల్లా కఠినమైన వాక్యం పలికారు. "ఇద్దరూ, కలిసి, విచారణకు ఎల్లవేళలా అందుబాటులో ఉండవలెను. ఏలూరు విడిచి వెళ్లరాదు!"

నేను హేమలత వైపు చూశాను. తను నేల వైపు చూస్తోంది. నవ్వు ఆపుకోవడానికి.

ఆమె శాఖకి లేఖ వెళ్లింది. విచారణ అంటే ఏ శాఖైనా ఎంత గౌరవిస్తుందో అప్పుడు చూశాం. మూడు రోజుల్లో జవాబు. "సదరు ఉపాధ్యాయినిని విచారణ ముగియు పర్యంతము ఏలూరునందలి ఉన్నత పాఠశాలలో ఆన్ డ్యూటీపై నియమించడమైనది." నన్ను బొబ్బిలివాళ్లు కాగితం మీద చేర్చుకుని, వెంటనే విచారణ విభాగానికి ఆన్ డ్యూటీ వేసి ఇక్కడే ఉంచారు. ఆ విభాగంలో నేనొక్కణ్ణే. నా పని నా మీద జరిగే విచారణ ఫైలు జాగ్రత్తగా కుట్టి పెట్టడం. పత్తేబాద వైపు రెండు గదుల ఇల్లు తీసుకున్నాం. మొదటి రోజు పనసపొట్టు కూరే చేసింది. కాయ మెత్తబడింది, అయినా గిన్నె నాకాం.

విచారణాధికారి శేషారత్నం గారు నెమ్మదస్తురాలు, చాలా నిజాయితీగల మనిషి. మొదటి వాయిదాలో హేమలతని అడిగారు. "కాండమును ఖండించు సమయమున మీ మనఃస్థితి ఎట్టిది?"

"ఆకలేసింది మేడమ్. మా ఆయన కనబళ్లేదు."

"ఈ రెండింటిలో ఏది ముందు?"

దాని మీదే రెండు నెలలు నడిచింది. తర్వాత పదమూడు పిలకల హోదా, తర్వాత శ్లాబు వంచిన ఆకుకి బాధ్యులెవరు, తర్వాత సర్క్యులర్‌లో 'ఖండించుట' లేదు గనక 'కత్తిరించుట'లో నరుకుట కలుస్తుందా అని న్యాయ సలహా. మాకు ఏ తొందరా లేదు. ఆ మధ్య మాకో పాప పుట్టింది. మస్తాన్ వలీ డ్రమ్ములో చెట్టు మళ్లీ అయిదడుగులైందట. అతనికి తెనాలిలో సంబంధం కుదిరింది. పెళ్లిబట్టలతో పాటు ఒక కత్తి కూడా కొనమని అత్తారికి కబురు పెట్టాడని ఆఫీసులో చెప్పుకుంటున్నారు.

మొన్న సోమవారం శేషారత్నం గారు ఫోన్ చేశారు. "శుభవార్త పైడిరాజూ. సాక్ష్యాలన్నీ పూర్తయ్యాయి. నెలాఖరుకి నివేదిక ఇచ్చేస్తాను. తప్పు చేయాలన్న ఉద్దేశం ఎవరిలోనూ కనబడలేదు. మీరిద్దరూ ఎవరి చోటికి వాళ్లు హాయిగా వెళ్లిపోవచ్చు."

ఇంట్లో ఆ పూట పొయ్యి వెలగలేదు. ఎవరి చోటికి వాళ్లంటే నాకు బొబ్బిలే, అది నిజమే. కానీ మేం ఇక్కడున్న కాలంలో హేమలత ఖాళీని వేరే టీచరుతో నింపేశారు. ఇప్పుడు తిరిగి వెళ్తే తనని ఏ మూలకి తోస్తారో తెలీదు. తను పాపని ఒళ్లో వేసుకుని కిటికీ దగ్గర కూచుంది. నేను చాలాసేపు ఫైలు తిరగేశాను. ప్రతి కాగితం నేను కుట్టిందే. మొదటి నుంచి చివరిదాకా చదివేసరికి అందులో లేనిదేదో దొరికింది. కూచుని రాశాను.

"మాన్య విచారణాధికారి వారికి. ఈ విచారణలో మనుషులు, మొక్క, శ్లాబు పరీక్షించబడినవి గాని, ఘటనలో ప్రధాన పాత్ర వహించిన కత్తి ఇంతవరకు పరీక్షించబడలేదు. అది పొట్టు కొట్టుటకే తయారైనదా, కాండములు కొట్టు సామర్థ్యము ముందునుంచే కలిగియున్నదా అన్నది తేలనిదే ఉద్దేశమును నిర్ణయించుట సాధ్యము కాదని మనవి. సదరు కత్తిని కొట్టిన కమ్మరి పార్వతీపురం సంతలో ఉండును."

నాలుగో రోజుకే జవాబొచ్చింది. నేను రాసింది అత్యంత కీలకమైన అంశమనీ, ఇంత ముఖ్యమైన విషయం తన దృష్టిని దాటిపోయినందుకు విచారిస్తున్నాననీ, కత్తి నిమిత్తం విచారణని మూడు నెలలు పొడిగిస్తున్నాననీ శేషారత్నం గారు రాశారు. పరుగెత్తుకుంటూ ఇంటికెళ్లి హేమలత చేతిలో పెట్టాను.

తను రెండుసార్లు చదివింది. పాపని నా భుజం మీద వేసి, నా వైపు కోపంగా చూసింది.

"మూడు నెలలేనా? ఇన్నేళ్ల సర్వీసుంది, కాస్త పెద్ద కొర్రీ రాయలేకపోయారా?"